మాత్సర్యానికి బలియైన మహాకవి పుష్కిన్

అరిషడ్వర్గంలో మాత్సర్యాన్ని మన పెద్దలు చిట్టచివర చెప్పినారు. చివర చెప్పినంత మాత్రాన అది చిన్నదని కాదు. కామక్రోధాలు పైకి కనబడతాయి. లోభమోహాలను ఇరుగుపొరుగువారు సులభంగా పసిగట్టగలరు. మదం తనంతట తానే చాటుకుంటుంది. మాత్సర్యం మాత్రం నివురుగప్పిన నిప్పువలె లోపల ఉండి, ముందు తాను పుట్టిన చోటును కాల్చి, తరువాత ఎదుటివాని ఇంటికి అంటుకుంటుంది. మన నిఘంటుకారులు దీనిలోని భేదాలను సైతం సూక్ష్మంగా గుర్తించినారు. ఇతరుల మేలును ఓర్వలేకపోవడం ఈర్ష్య అనీ, ఎదుటివానిలోని గుణాన్ని కూడా దోషంగా చూపడం అసూయ అనీ అమరకోశం విడదీసి చెప్తుంది. ఈ రెండింటికీ తోడు మూడవది ఒకటి ఉన్నది. తనదనుకొన్నదానిని మరొకరు అపహరిస్తారేమో అన్న శంక అది. సంసారాలను కూల్చేది తరచుగా ఈ మూడవదే.

ఈ మూడింటినీ తన కావ్యాలలో చిత్రించిన ఒక మహాకవి, ఆ మూడింటి నడుమనే చిక్కుకొని 37 ఏండ్లకే అసువులు బాసినాడు. ఆయన రష్యను సాహిత్యానికి ఆధునిక రూపం ఇచ్చిన అలెగ్జాండర్ సెర్గేయెవిచ్ పుష్కిన్. ఈర్ష్య మనిషిని ఎట్లా తినివేస్తుందో ఆయనకు తెలిసినంతగా తెలిసిన కవులు అరుదు. తెలిసి కూడా ఎందుకు తప్పించుకోలేకపోయినాడన్న ప్రశ్నకు ఆయన జీవితంలోనే సమాధానం వెదకవలసి ఉన్నది.

పుష్కిన్ 1799 జూన్ 6వ తేదీన మాస్కో నగరంలో జన్మించినాడు. ఆనాటి రష్యా పంచాంగం ప్రపంచపు లెక్కకు వెనుకబడి ఉండేది గనుక, ఇక్కడి తేదీలన్నీ నేటి లెక్క ప్రకారం చెప్పినవే. తండ్రి వైపు ప్రాచీనమైన ప్రభువంశం. పేరు పెద్దది, ఆస్తి మాత్రం కరగిపోతూ ఉన్నది. తల్లి వైపు చరిత్ర మరింత విచిత్రమైనది. ఆమె తాత అబ్రహాం గన్నిబాల్ ఆఫ్రికా ఖండానికి చెందినవాడు. బాల్యంలోనే చెరపట్టబడి, కాన్‌స్టాంటినోపుల్ మీదుగా పీటర్ చక్రవర్తి కొలువుకు చేరినాడు. చక్రవర్తి ఆ పిల్లవానిని పెంచి, ఫ్రాన్సుకు పంపి చదివించినాడు. గన్నిబాల్ గొప్ప ఇంజనీరై, క్రమంగా సేనాధిపతి హోదాకు ఎదిగినాడు. ఈ ముత్తాత అంటే పుష్కిన్‌కు మిక్కిలి గర్వం. 1827లో ఆయన కథను నవలగా వ్రాయ మొదలుపెట్టి, పూర్తి చేయకుండానే విడిచిపెట్టినాడు.

గన్నిబాల్ తన మొదటి భార్య శీలంపై నేరం మోపి, ఆమెను ఏండ్ల తరబడి చెరలో ఉంచినట్లు చరిత్ర చెప్తున్నది. ఈ కారణంచేత పుష్కిన్ కోపతాపాలను చూసినవారు, అది ఆఫ్రికా రక్తం చేసే పని అని చెప్పుకొనేవారు. రక్తం మీద నేరం మోపి ఊరుకోవడం తేలిక. అసలు కారణాలను వెదకే శ్రమ తప్పుతుంది. పుష్కిన్ స్వయంగా షేక్స్పియరు సృష్టించిన ఒథెల్లోను గురించి ఒక చిన్న వ్యాఖ్య వ్రాసుకొన్నాడు. ఒథెల్లో స్వభావం ఈర్ష్య కాదనీ, అతడు ఇతరులను ఇట్టే నమ్మే మనిషి అనీ ఆ వ్యాఖ్య సారాంశం. కైకేయి కథ ఎరిగిన మనకు ఈ మాట వెంటనే బోధపడుతుంది. కైకేయి రాముని ప్రేమించినదే. మంథర మాట చెవిలో పడిన తరువాతనే ఆమె కోపగృహంలో ప్రవేశించినది. చెవిలో పోసిన విషం మనస్సులో ఎట్లా పనిచేస్తుందో పుష్కిన్‌కు తెలుసును.

1811లో చక్రవర్తి త్సార్‌స్కొయె సెలో అనే చోట, తన వేసవి విడిదికి చేరువనే ఒక విద్యాలయాన్ని స్థాపించినాడు. తొలి సంవత్సరం చేరిన ముప్పైమంది బాలురలో పుష్కిన్ ఒకడు. లెక్కలలో అతడు వెనుకబడినవాడే. కవిత్వంలో మాత్రం అతనికి సాటివచ్చేవాడు లేడు. 1815 జనవరిలో జరిగిన పరీక్షకు ఆనాటి వృద్ధకవి డెర్జావిన్ అతిథిగా వచ్చినాడు. పిల్లల సమాధానాలు వింటూ కునికిపాట్లు పడుతున్న ఆ వృద్ధుడు, పదునైదేండ్ల పుష్కిన్ తన పద్యాలు చదవడం ప్రారంభించగానే మేలుకొన్నాడు. చదవడం ముగిసేసరికి ఆనందం పట్టలేక బాలుని కౌగిలించుకొనబోయినాడు. సిగ్గుతో పుష్కిన్ అప్పటికే పారిపోయినాడు. ఒక తరపు మహాకవి మరొక తరపు మహాకవిని గుర్తించి సంతోషించిన ఘట్టమిది.

ఇంతకంటె గొప్పది జుకోవ్‌స్కీ ఔదార్యం. అప్పటికి రష్యాలో ప్రసిద్ధికెక్కిన కవి ఆయనే. పుష్కిన్‌కు పదహారేండ్లు పెద్ద, గురువువంటివాడు. 1820లో పుష్కిన్ 'రుస్లాన్, ల్యుద్మీలా' కావ్యాన్ని ముగించిన నాడు జుకోవ్‌స్కీ తన చిత్రపటాన్ని అతనికి బహూకరించి, గెలిచిన శిష్యునికి ఓడిన గురువు ఇచ్చే కానుకగా దాని మీద వ్రాసినాడు. పుత్రుని చేతిలోను శిష్యుని చేతిలోను ఓటమిని కోరుకొమ్మని మన పెద్దలు చెప్పే నీతిని, ఆ మాట ఎన్నడూ విని ఉండని ఒక రష్యను కవి ఆచరించి చూపినాడు. ఆనాటినుండి శిష్యుని చివరి ఊపిరి వరకు జుకోవ్‌స్కీ అతని వెంటనే నిలిచినాడు. ఆ సంగతి ముందు తెలియగలదు.

అదే సంవత్సరం పుష్కిన్ వ్రాసిన స్వాతంత్ర్య గీతాలు ప్రభుత్వానికి ఆగ్రహం కలిగించినవి. అతనిని రాజధానినుండి దక్షిణ దేశానికి పంపివేసినారు. కాకస్ పర్వతాలు, క్రిమియా తీరం, కిషినేవ్, ఒడెస్సా నగరాలు ఈ ప్రవాసకాలంలో అతని కంటబడినవి. ఒడెస్సాలో అధికారి అయిన వొరొంత్సొవ్ ప్రభువుతో అతనికి పొసగలేదు. ప్రభువు భార్యపట్ల కవికి కలిగిన అనురాగం కూడా ఈ వైరానికి ఆజ్యం పోసినది. 1824లో ఉద్యోగం ఊడబెరికి, ఉత్తరాన ఉన్న మిఖైలోవ్‌స్కొయె అనే తల్లిగారి పల్లెకు పంపినారు. అక్కడ ముసలి దాది అరీనా రొదియోనొవ్నా చెప్పే జానపద కథలు వింటూ రెండేండ్లు గడిపినాడు.

ఈ ప్రవాస సంవత్సరాలలోనే ఈర్ష్యను ఆయన తన కావ్యాలలో పరీక్షకు పెట్టినాడు. 'బఖ్చిసరాయ్ జలయంత్రం' అనే కావ్యంలో ఖాన్ అంతఃపురంలోని ఇద్దరు స్త్రీలలో ఒకతె శంకకు మరొకతె బలియైనట్లు సూచించినాడు. 1824లో ముగించిన 'జిప్సీలు' మరింత లోతైనది. అలేకో అనే యువకుడు నగరపు కట్టుబాట్లను అసహ్యించుకొని, సంచారజీవులైన జిప్సీలతో చేరినాడు. జెంఫీరా అనే యువతితో కాపురం చేసినాడు. ఆమె మనస్సు కొంతకాలానికి మరొకనిమీదికి పోయినది. అలేకో ఆ ఇద్దరినీ చంపివేసినాడు. జెంఫీరా తండ్రి వృద్ధుడు. అతడు పగ తీర్చుకొనలేదు, శిక్ష విధించలేదు. తన వరకే స్వేచ్ఛ కోరుకొనే మనిషికి తమ నడుమ చోటు లేదని చెప్పి, అతనిని ఒంటరిగా విడిచి గుడారాలు ఎత్తుకొని పోయినారు. నగరాన్ని విడిచినవాడు నగరపు అహంకారాన్ని తన వెంట మోసుకొని వచ్చినాడని ఆ కథ తెలుపుతుంది.

ఎనిమిదేండ్లు శ్రమించి వ్రాసిన 'యెవ్‌గేనీ అనేగిన్' పద్యనవలలో ఈర్ష్య మరొక రూపంలో కనిపిస్తుంది. లెన్‌స్కీ అనే పద్దెనిమిదేండ్ల కవి, అనేగిన్ అతని మిత్రుడు. ఒక విందులో విసుగెత్తిన అనేగిన్ మిత్రుని ఏడిపించాలని అతనికి నిశ్చయమైన వధువుతో నాట్యమాడి సరసోక్తులు పలికినాడు. లెన్‌స్కీ ద్వంద్వయుద్ధానికి పిలిచినాడు. మరునాడు వధువును చూసేసరికి ఆమె మనస్సులో ఏ మార్పూ లేదని అతనికి తెలిసిపోయినది. అనేగిన్‌కు కూడా తన తప్పు తెలుసు. అయినా ఇద్దరిలో ఎవ్వరూ వెనుకకు తగ్గలేదు. లోకం నవ్వుతుందేమో అన్న భయమే వారిని మంచుమీద ఎదురెదురుగా నిలిపినది. లెన్‌స్కీ నేలకూలినాడు. ఈ ఘట్టాన్ని పుష్కిన్ 1826 ప్రాంతంలో వ్రాసినాడు. తరువాత పదకొండేండ్లకు అది తన జీవితంలోనే జరుగుతుందని అతనికి తెలియదు.

1826లో కొత్త చక్రవర్తి నికొలస్ పుష్కిన్‌ను మాస్కోకు పిలిపించి క్షమించినాడు. ఇకమీదట అతని రచనలను తానే స్వయంగా పరిశీలిస్తానని చెప్పినాడు. అది గౌరవంవలె కనిపించిన సంకెల. కవి వ్రాసిన ప్రతి పంక్తి, చేసిన ప్రతి ప్రయాణం రహస్య పోలీసుల అధిపతి బెంకెన్‌డార్ఫ్ కంటికింద జరగవలసి వచ్చినది.

ఇదే కాలంలో సాహిత్య లోకపు అసూయ కూడా కోరలు సాచినది. బుల్గారిన్ అనే పత్రికాధిపతి 'ఉత్తరపు తేనెటీగ' అనే పత్రిక నడిపేవాడు. అతని నవల బాగా అమ్ముడుపోయినది. పోలీసులకు సమాచారం అందించడం కూడా అతని వ్యాపకమే. 1830లో 'అనేగిన్' ఏడవ ప్రకరణం వెలువడగానే కవి ప్రతిభ పూర్తిగా పతనమైనదని అతడు వ్రాసినాడు. అంతటితో ఊరుకొనక, కవి ముత్తాతను ఒక ఓడనాయకుడు సీసాడు సారాయికి కొన్నాడని ఎత్తిపొడిచినాడు. ఎదుటివాని గుణాన్ని దోషంగా చూపడమే అసూయ అన్న నిర్వచనానికి ఇంతకంటె చక్కని ఉదాహరణ దొరకదు. పుష్కిన్ కూడా మౌనం వహించే మనిషి కాడు. పదునైన చాటువులతో అతనిని లోకం ఎదుట నవ్వులపాలు చేసినాడు. ఆ చాటువులు సాహిత్యానికి అలంకారాలే గాని, వాటి వలన కవికి పెరిగిన శత్రువులు కూడా తక్కువమంది కారు.

1830 శరత్కాలం పుష్కిన్ జీవితంలో అపురూపమైనది. మాస్కోలో సౌందర్యానికి ప్రసిద్ధురాలైన నతాల్యా గొంచరోవాతో ఆయనకు వివాహం నిశ్చయమైనది. ఆస్తి వ్యవహారం చక్కబెట్టుకొనడానికి బోల్దినో అనే పల్లెకు పోయినాడు. ఇంతలో కలరా వ్యాపించి దారులన్నీ మూసివేసినారు. మూడు నెలలపాటు అక్కడే చిక్కుపడిపోయినాడు. ఆ మూడు నెలలలో 'అనేగిన్' ప్రధాన భాగాన్ని ముగించినాడు. 'బేల్కిన్ కథలు' వ్రాసినాడు. నాలుగు చిన్న విషాద నాటికలు రచించినాడు. వాటిలో ఒకటి 'మొజార్ట్, సాలియెరీ'. దానికి ఆయన మొదట అనుకొన్న పేరు 'అసూయ' అన్నది గమనింపదగినది.

ఆ నాటికలోని సాలియెరీ సామాన్యుడైన దుర్మార్గుడు కాడు. బాల్యంనుండి సంగీతానికి జీవితాన్ని ధారపోసినవాడు. తనకంటె ముందు నడిచిన పెద్ద సంగీతకర్తలను చూసి అతనికి ఎన్నడూ అసూయ కలుగలేదు. అటువంటివానికి మొజార్ట్ ఎదురైనాడు. నవ్వుతూ, ఆడుతూ, వీధిలోని గుడ్డివాని ఫిడేలును విని కేరింతలు కొట్టే మొజార్ట్‌కు ఏ శ్రమా లేకుండా స్వర్గం దిగివచ్చి పలుకుతున్నది. తన తపస్సుకు దక్కని వరం ఈ చపలచిత్తునికి ఎందుకు దక్కినదన్న ప్రశ్న సాలియెరీని దహించివేసినది. దైవమే అన్యాయం చేసినదని అతడు నిశ్చయించుకొన్నాడు. కళను కాపాడడానికే ఈ పని చేస్తున్నానని తనను తాను నమ్మించుకొన్నాడు. మొజార్ట్ మాత్రం అతనిని తనతో సమానుడైన మేధావిగా భావించి, ప్రతిభ, పాతకం ఒకచోట ఇమడవని అమాయకంగా చెప్పి, అతడు కలిపిన విషాన్ని త్రాగినాడు. చివరకు సాలియెరీకి మిగిలినది విజయం కాదు. మొజార్ట్ చెప్పినది నిజమైతే తనకు ప్రతిభ లేనట్లే కదా అన్న శంక ఒక్కటే మిగిలినది.

కథ వేరు, చరిత్ర వేరు. మొజార్ట్ 1791లో వ్యాధితో మరణించినాడు. సాలియెరీ విషం పెట్టినాడనడానికి ఏ ఆధారమూ లేదు. నిజానికి అతడు బీథొవెన్, షూబర్ట్ వంటి వారికి పాఠాలు చెప్పిన గురువు. మొజార్ట్ కుమారునికి సైతం సంగీతం నేర్పినాడు. అతని వృద్ధాప్యంలో వియన్నా నగరంలో పుట్టిన ఒక వదంతి దేశాలు దాటి రష్యా చేరినది. పుష్కిన్ దానిని నమ్మినాడు. 1832లో ఈ నాటికను రంగస్థలం మీద ప్రదర్శించినారు. తరువాత రింస్కీ కోర్సకొవ్ దీనిని సంగీత నాటకంగా మలచినాడు. ఇరవయ్యవ శతాబ్దంలో నాటకాలూ చలనచిత్రాలూ ఆ కథనే మరల చెప్పినవి. అసూయను ఖండించడానికి వ్రాసిన నాటిక, ఒక నిరపరాధి పేరును అసూయకు పర్యాయపదంగా చేసివేసినది. వదంతికి ఎంత బలమున్నదో దీనిని బట్టి తెలుస్తున్నది. ఆ బలాన్ని పుష్కిన్ తన ప్రాణంతో తెలుసుకొనవలసిన రోజు దూరంలో లేదు.

కవిగా పుష్కిన్‌లో మాత్సర్యం మచ్చుకైనా లేదు. తనకంటె పదేండ్లు చిన్నవాడైన గోగోల్‌ను ఆయన ఆదరించిన తీరు ఇందుకు నిదర్శనం. 'ఇన్‌స్పెక్టర్ జనరల్' నాటకానికీ, 'మృతజీవులు' నవలకూ కథావస్తువు తనకు పుష్కిన్ ఇచ్చినదేనని గోగోల్ స్వయంగా చెప్పుకొన్నాడు. తాను వ్రాసుకొనదగిన కథలను మరొకరికి దానం చేయడం రచయితలలో అరుదైన గుణం. 1836లో తాను స్థాపించిన 'సమకాలికుడు' పత్రికలో గోగోల్ కథలను ప్రచురించి మెచ్చుకొన్నాడు. తన ప్రతిభపై తనకు పూర్ణమైన విశ్వాసం ఉన్నవానికి ఇతరుల ప్రతిభ భయం కలిగించదు. డెర్జావిన్, జుకోవ్‌స్కీలనుండి తాను పొందిన దానిని పుష్కిన్ తరువాతి తరానికి అందజేసినాడు.

సంసారంలోను సంఘంలోను మాత్రం ఆయనకు అటువంటి నిబ్బరం లేదు. 1831 మార్చి 2వ తేదీన నతాల్యాతో వివాహం జరిగినది. ఆమెకు పద్దెనిమిదేండ్లు, ఆయనకు ముప్పై ఒకటి. వారికి నలుగురు పిల్లలు కలిగినారు. రాజధానిలో నతాల్యా అందచందాలు చూసి సభలన్నీ ముగ్ధమైనవి. ఆమె రాజభవనపు నాట్యోత్సవాలకు రావాలని చక్రవర్తికి కోరిక. ఆ కారణం చేతనే 1834 ప్రారంభంలో పుష్కిన్‌కు కొలువులో ఒక పదవి ఇచ్చినారు. సాధారణంగా అది పడుచువారికి ఇచ్చే చిన్న పదవి. దేశం గర్వించే కవికి అది సన్మానం కాదు, పరాభవం. ఆ కొలువు ఉడుపులు ధరించి భార్య వెంట సభలకు పోవలసి వచ్చినప్పుడల్లా ఆయన కుమిలిపోయేవాడు. నగరజీవితానికి కావలసిన ఖర్చు నానాటికీ పెరిగినది. అప్పులు లక్ష రూబుళ్ళు దాటినవి. పల్లెకు పోయి వ్రాసుకుంటానని అనుమతి వేడితే చక్రవర్తి కోపగించినాడు. పాఠకులు కూడా మునుపటివలె ఆదరించడం లేదు. ఇటువంటి దశలో మనిషికి తన గౌరవం ఒక్కటే మిగిలిన ఆస్తివలె తోచడం సహజం.

ఆ ఆస్తిమీదనే దెబ్బ తగిలినది. జార్జ్ డాంతెస్ అనే ఫ్రెంచి యువకుడు రష్యా అశ్వసేనలో అధికారిగా ఉండేవాడు. రూపవంతుడు, మాటకారి. రష్యాలోని డచ్చి రాయబారి హెకరన్ అతనిని 1836లో దత్తపుత్రునిగా స్వీకరించినాడు. డాంతెస్ నతాల్యా వెంటబడి, నలుగురిలోను ఆమెపై తన వలపును ప్రకటించసాగినాడు. నగరపు సభలకు ఇది మంచి వినోదమైనది. 1836 నవంబరు 16వ తేదీన పుష్కిన్‌కూ, ఆయన మిత్రులు కొందరికీ ఫ్రెంచి భాషలో వ్రాసిన ఆకాశరామన్న ఉత్తరాలు అందినవి. భార్యలచేత వంచితులైన భర్తల సంఘంలో పుష్కిన్‌ను సభ్యునిగా ఎన్నుకొన్నట్లు వాటిలో వెటకారంగా వ్రాసి ఉన్నది. ఆ ఉత్తరాలు వ్రాసినది ఎవరో నేటికీ నిర్ధారణ కాలేదు. పుష్కిన్ మాత్రం హెకరన్‌నే అనుమానించినాడు. వెంటనే డాంతెస్‌ను ద్వంద్వయుద్ధానికి పిలిచినాడు.

గురువు జుకోవ్‌స్కీ అడ్డుపడినాడు. ఇరుపక్షాల ఇండ్లకూ తిరిగి, బ్రతిమాలి, గడువులు కోరి, యుద్ధాన్ని ఆపడానికి శక్తివంచన లేకుండా ప్రయత్నించినాడు. ఇంతలో డాంతెస్ తాను ప్రేమించినది నతాల్యా అక్క యెకతెరీనానని ప్రకటించినాడు. పిలుపు ఉపసంహరింపబడినది. 1837 జనవరి 22వ తేదీన వారి వివాహం జరిగినది. వైరి తోడల్లుడైనాడు గాని వైరం చల్లారలేదు. డాంతెస్ పెండ్లియైన తరువాత కూడా నతాల్యాను వెంటాడడం మానలేదు. సభలలో గుసగుసలు ఎక్కువైనవి. నవ్వేవారు నవ్వినారు, కనికరించేవారు కనికరించినారు. పుష్కిన్‌కు ఈ కనికరం ఆ నవ్వుకంటె దుర్భరమైనది.

ఇక్కడ ఒక విషయం స్పష్టంగా గుర్తుంచుకొనవలసి ఉన్నది. పుష్కిన్ తన భార్యను శంకించలేదు. ఆమె నిర్దోషి అని ఆయన మిత్రులతో చెప్పినాడు, మరణశయ్యమీద ఆమెతోనూ చెప్పినాడు. ఆమె తప్పు చేసినదనడానికి ఏ నిదర్శనమూ నాడు లేదు, నేడు లేదు. ఆయనను కాల్చివేసినది లోకం ఏమనుకుంటున్నదో అన్న ఆలోచన. తన ఇంటిలో తనకు తెలిసిన సత్యం ఆయనకు చాలలేదు. ఆ సత్యాన్ని నగరమంతా ఒప్పుకొనాలని పట్టుపట్టినాడు. లెన్‌స్కీని మంచుమీద నిలిపిన భయమే, ఆ లెన్‌స్కీని సృష్టించిన కవిని కూడా పట్టుకొన్నది.

ఫిబ్రవరి మొదటివారంలో పుష్కిన్ హెకరన్‌కు సంధికి తావులేని పరుషమైన ఉత్తరం వ్రాసినాడు. ఈసారి జుకోవ్‌స్కీకి తెలియనీయలేదు. హెకరన్ పక్షాన డాంతెస్ యుద్ధానికి పిలిచినాడు. 1837 ఫిబ్రవరి 8వ తేదీ సాయంకాలం, నగరం వెలుపల నల్లవాగు సమీపాన, మోకాటిలోతు మంచును త్రొక్కి చదును చేసి ఇద్దరూ ఎదురెదురుగా నిలిచినారు. కవికి సాక్షిగా వచ్చినవాడు బాల్యంలో విద్యాలయంలో తోటి విద్యార్థి అయిన డాంజాస్. గీతకు చేరకముందే డాంతెస్ పిస్తోలు పేల్చినాడు. గుండు పుష్కిన్ పొత్తికడుపులో దిగినది. పడిపోయిన కవి మంచుమీద మోచేయి ఆనించి తన వంతు గుండు పేల్చినాడు. అది డాంతెస్ చేతికి గాయం చేసినది, అంతే.

మొయికా కాలువ ఒడ్డున ఉన్న ఇంటికి పుష్కిన్‌ను మోసుకొని వచ్చినారు. రెండు దినాలు ఆయన భరించరాని బాధ అనుభవించినాడు. భార్య వింటుందేమోనని మూలుగును సైతం అణచుకొన్నాడు. ఆమెను పిలిచి, ఈ విషయంలో ఆమె తప్పేమీ లేదని చెప్పి, రెండేండ్లు దుఃఖం పాటించి తరువాత యోగ్యుడైనవానిని పెండ్లాడమని బోధించినాడు. వైద్యుడూ నిఘంటుకర్తా అయిన డాల్ అతని పడక దగ్గరనే ఉన్నాడు. జుకోవ్‌స్కీ రోగి స్థితిని కాగితంమీద వ్రాసి వీధి తలుపుకు అంటిస్తూ వచ్చినాడు. ఇంటి ముందు వేలకొలది జనం గుమికూడినారు. వారిలో విద్యార్థులు, గుమాస్తాలు, వర్తకులు, పేరు తెలియని పాఠకులు ఉన్నారు. కవిని చూసి నవ్విన నగరం వేరు, ఏడ్చిన నగరం వేరు. ఫిబ్రవరి 10వ తేదీ మధ్యాహ్నం పుష్కిన్ కన్ను మూసినాడు. జనసమూహాన్ని చూసి భయపడిన ప్రభుత్వం అంత్యక్రియలు ఘనంగా జరగనీయలేదు. శవపేటికను రాత్రివేళ నగరం దాటించి, మిఖైలోవ్‌స్కొయె సమీపంలోని ఆశ్రమంలో తల్లి సమాధి పక్కన ఖననం చేయించినది.

ఈ నిప్పు అంతటితో ఆరలేదు. కవి మరణాన్ని గురించి ఆగ్రహంతో పద్యం వ్రాసిన లెర్మంతొవ్ అనే యువకవిని కాకస్ ప్రాంతానికి పంపివేసినారు. అతడు కూడా 1841లో ద్వంద్వయుద్ధంలోనే మరణించినాడు. డాంతెస్‌ను దేశంనుండి వెళ్ళగొట్టినారు. అతని వెంట ఫ్రాన్సుకు పోయిన యెకతెరీనా 1843లో చనిపోయినది. డాంతెస్ మాత్రం అక్కడ శాసనసభ్యుడై, పెద్దమనిషిగా చలామణి అయి 1895 వరకు జీవించినాడు. నతాల్యా పిల్లలతో పల్లెకు పోయి రెండేండ్లు గడిపి, 1844లో లాన్‌స్కొయ్ అనే సేనాధికారిని వివాహమాడినది. మహాకవిని చంపించినదన్న అపవాదు ఆమెను జీవితాంతం, మరణానంతరం కూడా వెంటాడినది. భర్త మరణశయ్యమీద ఇచ్చిన తీర్పును లోకం చెవిని పెట్టలేదు. సాలియెరీకి జరిగిన అన్యాయమే ఆమెకూ జరిగినది.

పుష్కిన్ ఎందుకు తప్పించుకోలేకపోయినాడన్న ప్రశ్నకు ఇప్పుడు సమాధానం దొరుకుతున్నది. ప్రతిభ విషయంలో ఆయన సంపన్నుడు. అక్కడ అసూయ ఆయనలో ప్రవేశించలేదు. బుల్గారిన్ వంటివారి అసూయ ఆయన కవిత్వాన్ని తాకలేకపోయినది. గౌరవం విషయంలో మాత్రం ఆయన బీదవాడు. దానిని తన అంతరాత్మలో దాచుకొనక, తనను అవమానించిన సంఘం చేతికే తాకట్టుపెట్టినాడు. ఈర్ష్య ఆ వాకిలినుండి లోపలికి వచ్చినది. మనిషికి ఎక్కడ తనమీద తనకు నమ్మకం చాలదో అక్కడనే ఈ శత్రువు కాపు వేసి ఉంటుంది. దానిని గురించి గొప్ప కావ్యాలు వ్రాసినా, వాటిని చదివి పాఠాలు చెప్పినా, ఆ ఒక్క వాకిలిని ఎవరికి వారే మూసుకొనవలసి ఉన్నది.

పాఠశాలలో ఇద్దరు బాలురు పోటీపడినప్పుడు, ఒకని మార్కులు చూసి మరొకని ముఖం చిన్నబోయినప్పుడు, ఈ కథ ఉపాధ్యాయునికి జ్ఞాపకం రావడం మంచిది. జుకోవ్‌స్కీ కావ్యాలు రష్యా వెలుపల నేడు ఎక్కువమంది చదవరు. శిష్యుని విజయాన్ని తన ఓటమిగా సంతోషంతో ప్రకటించుకొన్న ఆ మూడు ముక్కల వ్రాత మాత్రం పుష్కిన్ జీవితకథ చెప్పుకొన్నంతకాలం నిలిచి ఉంటుంది. డాంతెస్ గుండుకు బలియైనవాడు మనిషి. జుకోవ్‌స్కీ ఆదరణలో పెరిగినవాడు కవి. ఆ కవి మాత్రం నేటికీ జీవించి ఉన్నాడు.